నడిసముద్రంలో చుక్కల వరుస

మల్కాజ్‌గిరిలో మా ఎదురింటివాళ్లు తలుపులకు లక్క పాలిష్ వేయిస్తున్నారు. ఆ వాసన వరండాలోకి రాగానే జనార్దన్ సార్ గుర్తొచ్చారు. మా భూకంపాల ప్రయోగశాలలో కిరసనాయిలు పొగ పట్టించిన కాగితం మీద, భూమి అదురును పట్టే యంత్రం సూది గీతలు గీసేది. మసి రాలిపోకుండా ఆ కాగితాన్ని లక్క ద్రావణంలో ముంచి ఆరేసేవాళ్లం. ఆ గీతలు చదవడం నాకు నేర్పింది సారే. రాంగోపాల్‌పేట్ మనిషి. తప్పు చదివితే, "కండ్లున్నయా, ఉత్త అద్దాలేనా?" అనేవారు.

భూమి చల్లారి ముడుచుకోవడం వల్లే కొండలు పుట్టాయని, ఖండాలు ఉన్నచోటు నుంచి కదలవని ఆయన నమ్మకం. దాని మీదే పన్నెండేళ్లు కూర్చుని పుస్తకం రాశారు. ప్రూఫులు వచ్చిన వారంలో, పుస్తకం చివర వేయడానికి ప్రపంచ భూకంపాల పటం తయారుచేయమని నాకు చెప్పారు. దేశదేశాల జాబితాలు చూసి చుక్కలు పెడుతూ పోయాను. అవి చెల్లాచెదురుగా పడలేదు. నడిసముద్రాల్లో కుట్టు వేసినట్టు సన్నని వరుసలు కట్టాయి. నేల పలకలుగా విడిపోయి కదులుతోందని, భూకంపాలు ఎక్కువగా ఆ పలకల అంచుల్లోనే పుడతాయని ఇవాళ బడిపిల్లలకూ తెలుసు. అప్పుడది విదేశీ పత్రికల్లో కొత్తగా వస్తున్న మాట. ఆ మాటకు నా చుక్కలే సాక్ష్యం చెబుతున్నాయి.

పటాన్ని నాలుగు రోజులు సొరుగులో దాచాను. సార్ అడిగితే ఇంకా కాలేదన్నాను. ఐదో రోజు స్కేలు కోసం ఆయనే సొరుగు తెరిచారు. పటాన్ని బల్ల మీద పరిచి, ఆ వరుసల వెంట చాలాసేపు వేలు నడిపించారు.

"ఎన్నడయింది ఇది?"

"సోమవారం, సార్. మీ పుస్తకం..."

"ఏందయ్యా, నా మీద జాలి పడ్డవా? నా పుస్తకం చూసుకుంట భూమి ఆగుతదా?"

గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అచ్చు ఆపమని ప్రెస్సుకు చీటీ రాశారు. తర్వాత ప్రూఫులు ముందు పెట్టుకుని, ఒక్కో పేజీ మీద అడ్డంగా ఒక్కొక్క గీత గీశారు. చింపెయ్యొచ్చు కదా సార్ అన్నాను.

"చింపితే ఎట్ల? మనం ఏం తప్పుగ అనుకున్నమో రేపు కనబడాలె గద."

ఆయన పదవీ విరమణకు అప్పటికి ఏడాది కూడా లేదు. మర్నాడు టీ తాగాక స్టూలు నా బల్ల పక్కకు లాక్కుని, "ఇగ నువ్వు చెప్పు, నేను వింట" అన్నారు. వెళ్లిపోయేదాకా రోజూ అరగంట నా దగ్గర కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఆ పుస్తకం మాత్రం ఎప్పటికీ రాలేదు.

పటం దాచిన ఆ నాలుగు తేదీల కిందా నా డైరీలో "పటం పూర్తి కాలేదు" అనే రాసుకున్నాను. నా డైరీకే అబద్ధం చెప్పాను. సార్ ప్రూఫుల మీద గీతలు గీసిన సాయంత్రం ఇంటికెళ్లి, ఆ నాలుగు వాక్యాల మీదా ఒక్కొక్క గీత గీసి, పక్కన రాశాను: "పూర్తయింది. చూపించే ధైర్యం చాలలేదు." ఆ తర్వాతి డైరీల్లోనూ అలాంటి గీతలు చాలానే ఉన్నాయి. ప్రతి గీత కిందా కొట్టేసిన మాట చదవడానికి వస్తుంది.