పటం మీద మునగని ఊరు

న్యాల్‌కల్ బస్సు కోసం జహీరాబాద్ బస్టాండులో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. "జాగ్రఫీ సారు పోయిన్రు." బస్సు వచ్చినా ఎక్కలేదు. సారు ఇంటివైపు నడిచాను.

మంజీర మీద కట్టిన సింగూరు డ్యాము నీళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. డిగ్రీలో సారు మాకు ఆ నీళ్లు రాకముందటి పటం చూపించేవారు. గుడ్డకు అంటించిన పాత పటం. అందులో మంజీర ఒట్టి నది. ఒడ్డున ఊళ్లు, బావులు, చింతతోపులు. దాని మీద పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పేవారు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గోధుమరంగు గీత వెంట, ఆ కాగితం మీద జలాశయాన్ని నీలిరంగుతో ఆయనే గీశారు. కాగితం దించితే ఊళ్లు మునిగేవి. ఎత్తితే తేలేవి.

"ముందు వేలు పెట్టు, తర్వాత నోరు తెరువు" అనేవారు. ఏది అడగాలన్నా పటం మీద చోటు చూపించాల్సిందే. బెంచీ మీద కుదురుగా కూర్చోని నన్ను చూసి ఒకసారి, "నీకు కాలు నిలువదు బిడ్డా. మంచిదే. జర పటం చదువుడు నేర్చుకో, ఏడ తిరిగినా ఇంటికొస్తవ్" అన్నారు.

ఒకరోజు వేలు పెట్టాను. "సార్, గీ ఊరు గీత కిందనే ఉంది. మునగాలె గద? మీరు నీళ్లు పక్కకు తిప్పిన్రు!"

"దొరకబట్టినవ్!" పెద్దగా నవ్వారు. "గది మీ మేడం తల్లిగారూరు. ఇంట్ల పటం పరిస్తే ఆమె కూడ చూస్తది. గదొక్కటి ఉండనియ్యి."

వెంట్రుకంత తేడా వచ్చినా మాతో రికార్డు మళ్లీ గీయించే మనిషి!

దినాలయ్యాక మేడం పిలిచి పటం నా చేతిలో పెట్టారు. నేనిప్పుడు మొగుడంపల్లిలో బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రేపు దీన్ని వాళ్ల ముందు పరచాలి. ఆ ఊరిని పొడిగానే ఉంచాలా, ముంచాలా? నాలో నేను నలగకుండా ఆమెనే అడిగాను.

"మునిగిందని నాకు తెల్వదా బిడ్డా? సామాను సర్దుకొని మా అమ్మతోని బయటికొచ్చిందే నేను. ఆయన మురిపెం ఆయనది. చిన్నబోతడని ఊకున్న. పిల్లలకు మాత్రం సరిగ్గ చెప్పు. నింపు."

అక్కడే, ప్లాస్టిక్ కాగితం మీద నీలి స్కెచ్‌పెన్నుతో నింపాను. గీత దాటలేదు, సారు దిద్దిన చేయి అది.

మేడం కళ్లద్దాలు సవరించుకుని చూశారు. "ఆఁ, గిట్లనే వచ్చినయి నీళ్లు" అన్నారు. తర్వాత కాగితం అంచును మెల్లగా పైకెత్తారు. నది ఒడ్డున చీమతలలంత నల్లటి ఇళ్లు.

"వేలు పెట్టండి మేడం" అన్నాను.

ఒక చేత్తో నీళ్లను ఎత్తి పట్టుకునే, రెండో చేతి వేలు పెట్టారు.