కోదాడ నుంచి వచ్చే వార్త

సూర్యాపేటలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపులో పొద్దున పూట పెద్దగా పని ఉండదు. నాయకుల పుట్టినరోజులైనా, గృహప్రవేశాలైనా, దశదినకర్మలైనా జనానికి మధ్యాహ్నం దాటాకే గుర్తొస్తాయి. మాటలు కూర్చడం, అచ్చుతప్పులు చూడడం నా పని. ఎవరి ఫోటో పైన ఉండాలి, ఎవరిది కాస్త పెద్దగా కనబడాలి అన్న గొడవ తేలేదాకా ఓపిగ్గా కూర్చోవడం కూడా నా పనే.

పోయిన ఎండాకాలం అలాంటి ఒక పొద్దున ఒక పెద్దాయన మనవడి మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కావాలని వచ్చాడు. కూతుర్ని ఈ ఊళ్ళోనే ఇచ్చాడట. ఫోన్లో పిల్లవాడి ఫోటో చూపిస్తూ చూపిస్తూ నా మొహం మీద చూపు ఆపాడు.

"నువ్వు మిర్యాలగూడల మిల్లు గేటు కాడ శాంపిళ్ళు తీసేటోనివి గాదు?"

అప్పుడు గుర్తుపట్టాను. మిల్లుల రోడ్డు మీద టీ హోటల్ నడిపే మనిషి. నేనెరిగినప్పుడు మీసాలు నల్లగా ఉండేవి.

"ఔను" అన్నాను.

"గీడున్నవేంది మరి? కోదాడల లేవా? మొన్న హైవే మీద లారీని కారు గుద్దిందని రాస్తివి గద. అక్కకు నేనే సదివి ఇనిపించిన."

ఏ అక్క అని అడగాల్సిన అవసరం లేకపోయింది. కోదాడ వదిలి ఏళ్ళు గడిచాయని, ఆ వార్త నాది కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే మనవడి చుట్టూ గులాబీలు ఉండాలా, బెలూన్లు ఉండాలా అన్న ఆలోచనలో పడ్డాడు. పోతూ పోతూ మాత్రం అన్నాడు: "జర పోయి కనబడు. ఆమెకు కండ్లు ఆగమైనయి."

చదువు మధ్యలో ఆపేసి నేను మొదట చేరింది మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో. సీజన్‌లో వడ్ల లారీలు గేటు బయట బారులు తీరేవి. లోపలికి తీసుకునే ముందు బస్తాలోకి ఒక ఇనుప గొట్టం గుచ్చితే గింజలు అరచేతిలోకి జారేవి. వాటిని నలిపి ఊదాలి, రెండు గింజలు పళ్ళ కింద వేసుకోవాలి. టక్కుమని విరిగితే ఆరిన వడ్లు. మెత్తగా అణిగితే పచ్చివి. పొద్దంతా ఇదే పని. సాయంత్రానికి పళ్ళు జివ్వుమనేవి.

లోపల కళ్ళంలో ఆడవాళ్ళు ఉడికిన వడ్లను ఎండబెట్టేవాళ్ళు. ఉప్పుడు బియ్యం కోసం ఉడికించి పరిచిన ఆ వేడి వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్ళు. వాళ్ళ వెనక నాగటి సాళ్ళలాంటి గీతలు పడేవి. అక్క వాళ్ళలో ఒకతి. నిడమనూరు అవతలి తండా. తోటి వాళ్ళతో లంబాడీలో, మాతో తెలుగులో మాట్లాడేది. నా మొదటి రోజున నన్ను చూసి అందరికీ వినపడేలా నవ్వింది.

"గట్ల వడ్లు బుక్కుతున్నవేంది తమ్మీ, ఇంట్ల అన్నం పెట్టలేదా?"

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె జొన్నరొట్టెలో సగం నాది అయింది. బదులుగా నేను చేయగలిగింది ఒకటే. టీ వేళకు హోటల్ ముందర కూర్చుని పేపర్ చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. కానీ వార్త విన్నాక వదిలిపెట్టేది కాదు. "మల్ల ఆ పిల్ల దొరికిందా?" "గా ఊరికి నీళ్ళు ఇడిసిండ్రా?" అని మర్నాడు అడిగేది. పేపర్లో దానికి జవాబు ఉండేది కాదు. ముందు రోజు వార్త మళ్ళీ ఎవరూ రాయరెందుకని నేను మొదట ఆలోచించింది అక్కడే.

తేమ కొలిచే మిషన్లు వచ్చాక నా పళ్ళతో మిల్లుకు పని లేకుండా పోయింది. అదే రోజుల్లో ఒక దినపత్రికకు కోదాడలో విలేకరి కావాలంటే రాసి పంపాను, తీసుకున్నారు. వెళ్ళేరోజు ఆమె అడిగింది, "నువ్వు రాసింది మాకెట్ల తెలుస్తది?"

"వార్త మొదట్ల కోదాడ అని ఉంటదక్కా. గట్లున్నదంటే నేను రాసిందే."

అప్పటికి నాకు జోన్ పేజీల సంగతి తెలియదు. జిల్లా అంతటా పేపరు ఒకటే అనుకుంటారు చదివేవాళ్ళు. కానీ లోపలి పేజీలు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతానికే అచ్చవుతాయి. కోదాడ పేజీ కోదాడకే, మిర్యాలగూడ పేజీ మిర్యాలగూడకే. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళందక రైతులు తూముల దగ్గర కాపలా పడుకోవడం గురించి రాశాను. మఠంపల్లి వైపు సిమెంటు లారీల దుమ్ములో బడికి నడిచే పిల్లల గురించి రాశాను. రెండురోజులు తిరిగి, నలుగురితో మాట్లాడి రాసిన ఆ వార్తలేవీ కోదాడ పొలిమేర దాటలేదు. హైవే మీద పెద్ద ప్రమాదం జరిగి నలుగురు పోతేనే మొదటి పేజీలో పడి అన్ని ఊళ్ళకూ వెళ్ళేది.

తర్వాత నన్ను సూర్యాపేట డెస్కుకు మార్చారు. పక్క ఊరి వార్త వస్తే "ఇది మనకెందుకు" అని తీసేసే పని నాదైంది. బాగానే చేశాను. కొన్నాళ్ళకు డెస్కును హైదరాబాద్‌కు తరలించారు. నేను వెళ్ళలేదు. ఒక ట్యుటోరియల్‌లో తెలుగు చెప్పాను, కొంతకాలం ఎరువుల దుకాణంలో కూర్చున్నాను, చివరికి ఈ ఫ్లెక్సీ షాపు. పెళ్ళి సంబంధం వచ్చిన ప్రతిసారీ నేనేదో ఒక ఉద్యోగం మానే దశలోనే ఉండేవాణ్ణి. మధ్యవర్తులు కూడా విసిగిపోయారు. పని మారినప్పుడల్లా ఆ పనితో వచ్చిన మనుషులు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు నా గదికి తాళం వేసినా తీసినా అడిగేవాళ్ళు లేరు.

అందుకే టీ హోటల్ ఆయన మాట నన్ను వారమంతా వదల్లేదు. ఒక మనిషి ఇన్నేళ్ళుగా నన్ను చదివించుకుని వింటోంది. అది నేను కాకపోవచ్చు గానీ, నేనే అనుకుని వింటోంది. నాకు ఇంకెక్కడా అంత చోటు లేదు. నిజం చెబితే అదీ పోతుంది. చెప్పకూడదని నిశ్చయించుకునే, ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను.

ఆమె హోటల్ పక్కన రేకుల నీడలో కూర్చుని గ్లాసులు కడుగుతోంది. కళ్ళం పనికి మోకాళ్ళు పనికిరాక ఇక్కడ చేరిందట. నేను ఎదురుగా నిలబడితే తల ఎత్తింది గానీ చూపు నా భుజం మీదుగా పోయింది.

"ఎవలు?"

"నేనే అక్కా. వడ్లు బుక్కేటోణ్ణి."

తడి చేతులతోనే నా మణికట్టు పట్టుకుంది. "కోదాడోడా! ఇంత ఎండల ఎట్లొచ్చినవ్ రా? పేపరోళ్ళు సెలవిచ్చిండ్రా?"

టీ హోటల్ ఆయన గల్లా దగ్గర్నుంచి అందుకున్నాడు. "సెలవేంది, నీ తమ్ముడు పెద్ద మనిషైండు అక్కా. నా మనవని ఫోటో కింద మంచిగ రాసిండు."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నీకెప్పుడూ సచ్చినోళ్ళ కాడికేనా డ్యూటీ? ఇంకో పని చెప్పరా?"

నాకు అర్థం కాలేదు.

"కోదాడ అని సదివిండంటే ఎవలో సచ్చినట్టే. బస్సు బోల్తా వడ్డది, కారు కాలిపోయింది. అయ్యో పాపం అనుకుంట. మల్ల, రాసిండంటే మావోడు మంచిగున్నడు గద అనుకుంట." నా మణికట్టును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "గా పని ఇడిసిపెట్టు తమ్మీ. మనిషికి మంచిది గాదు."

కాలువ నీళ్ళ గురించి రాశానని, బడి పిల్లల గురించి రాశానని చెప్పాలనిపించింది. ఆమె చేయి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. ఎప్పుడో మానేసిన పనిని మానమని నన్ను బతిమాలుతోంది. ఆ బతిమాలడాన్ని ఊరికే తీసుకుని వెళ్ళిపోవడం నా వల్ల కాలేదు.

"ఇడిసిపెట్టి శానా ఏండ్లైందక్కా."

"మరి మొన్నటిది?"

"వేరేటాయన రాసిండు. కోదాడల ఇప్పుడు ఆయన ఉన్నడు."

టీ హోటల్ ఆయన చిల్లర లెక్కపెట్టడం ఆపి నవ్వాడు. "ఓయమ్మ! ఎవడో కానోని కోసం నాతోటి ఇన్నేండ్లు గొంతు సించుకునేటట్టు సదివించినవా!"

ఆమె నవ్వలేదు. చేయి తీసి గ్లాసు అందుకుంది. నీళ్ళలో రెండుసార్లు తిప్పి బోర్లించింది. ఇక నన్నడగడానికి ఏమీ ఉండదనుకున్నాను.

"వానికి పెండ్లయిందా?" అంది.

"ఎవరికి?"

"గదే, ఇప్పుడు రాసేటోనికి."

"తెల్వదక్కా."

"గా సచ్చినోళ్ళను సూసొచ్చి ఒక్కడే కూసోని తింటడా?"

కోదాడలో బస్టాండ్ వెనక నా గది గుర్తొచ్చింది. ప్రమాదం చోటు నుంచి వచ్చి స్నానం చేసి, వార్త పంపించి, మెస్‌ నుంచి తెచ్చుకున్న అన్నం విప్పకుండా పెట్టుకున్న రోజులు. అప్పుడు నన్ను ఈ ప్రశ్న అడిగే మనిషి ఎవరూ లేరనుకున్నాను. మిర్యాలగూడలో ఈ హోటల్ ముందర ఈమె అడుగుతూనే ఉందేమో. ఆమె దిగుల్లో ఏది నాకు, ఏది నా తర్వాతి వాడికి చెందిందో ఇప్పుడు విడదీయడం ఎవరి తరం కాదు.

"ఫోన్ జేసి అడుగు" అంది. "నీకు ఎరుకుంటది గద, పేపరోళ్ళ నంబరు." తర్వాత నా పని ఏమిటని అడిగితే ఫ్లెక్సీల గురించి చెప్పాను. "పెండ్లిళ్ళవి గూడ రాస్తవా? మంచిగైంది తియ్" అని, లేచి లోపలికెళ్ళి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. సగం కాదు, రెండు.

సాయంత్రం బస్టాండ్‌లో కూర్చుని, పాత మిత్రుడిని అడిగి కోదాడ విలేకరి నంబరు తీసుకున్నాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక హారన్లు, జనం అరుపులు.

"హైవే మీదున్నానండీ, యాక్సిడెంటు. తర్వాత చేయండి."

"అన్నం తిన్నారా?" అన్నాను.

హారన్లకు దూరంగా జరిగినట్టున్నాడు.

"ఎవరండీ మీరు?"

"ఇంతకుముందు కోదాడలో చేసినవాణ్ణి."

"లేదండీ" అన్నాడు. "పొద్దుటి నుంచీ తినలేదు." ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టేశాడు.

సూర్యాపేట బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని రొట్టె విప్పాను. రేపు పొద్దున మిల్లుల రోడ్డులో ఆ వార్త చదువుతారు. అది నేను రాసింది కాదని ఈసారి ఆమెకు తెలుసు. అయినా వింటుంది.