పోశవ్వ చెవిన పడ్డ చప్పుడు

ఈ ఉదయం కాలువకు నీళ్లు వదిలారు. పవర్‌హౌస్ తలుపు తెరవగానే తడి సిమెంటు, కాగిన నూనె కలిసిన వాసన ముక్కుకు తగిలింది. పోశవ్వ గుర్తొచ్చింది. ఆమెతో పాటు నా పాత కుళ్లూ లేచింది.

నాందేడ్ జిల్లాలో కాలువ మీద కట్టిన చిన్న జలవిద్యుత్ కేంద్రం మాది. నీటి వేగానికి టర్బైన్ తిరుగుతుంది, దానితో జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. డిప్లొమా పట్టుకుని ఇక్కడ ఆపరేటర్‌గా చేరిన మొదటి ఆడపిల్లను నేనే. పోశవ్వ మర్ఖేల్ నుంచి వచ్చిన కూలి మనిషి. నీళ్లు లోపలికి వెళ్లేచోట ఇనుప జాలీకి పట్టిన చెత్తను పొడవాటి కొక్కెంతో లాగడం ఆమె పని. అయినా ఇంజినీరు సారు వస్తూనే, "పోశవ్వా, మశీన్ కాయ్ మ్హణ్తే?" అని మరాఠీలో, మిషన్ ఏమంటోందో ఆమెనే అడిగేవారు. మీటర్ల ముందు నిలబడ్డ నన్ను అడిగేవారు కాదు. ఆమె మిషన్‌కు అరచెయ్యి ఆనించి, "మంచిగున్నది సారు, కడుపు నిండ నీళ్లు తాగుతున్నది" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె పరుగున లోపలికి వచ్చింది.

"బిడ్డా, మిషన్ ఆపు. లోపట ఏందో గరగరమంటున్నది."

మీటర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. "నీకేం తెలుసు? పోయి నీ జాలీ చూసుకో పో" అన్నాను.

ఆమె కదల్లేదు. "నాకు సదువు రాదు గని, నిన్నటి సప్పుడు గిది కాదు. నీ కాళ్లు మొక్కుత, ఆపు."

తల్లి వయసు మనిషి ఆ మాట అనేసరికి సిగ్గేసి ఆపాను. విప్పి చూస్తే బేరింగ్ పగిలి ఉంది. ఇంకాసేపు తిరిగితే పక్కనే పనిచేస్తున్న ఇద్దరి ప్రాణాల మీదికి వచ్చేది.

సారు వచ్చి, ముందుగా ఎవరు కనిపెట్టారని అడిగారు. "నేనే సార్" అనేశాను. పోశవ్వ అక్కడే ఉంది. సారు అందరి ముందూ నన్ను మెచ్చుకుంటుంటే, ఆమె కొక్కెం అందుకుని బయటికి నడిచింది.

సాయంత్రం కుళాయి దగ్గర ఇద్దరమే మిగిలాం. "గట్లెందుకు జెప్పినవ్ బిడ్డా?" అంది. నేను కుళాయి కట్టేశాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నీకు ఇనొస్తలేదని కోపం. రేపటి సంది నా పక్కన నిలబడు. ఇనుడు నేర్పుత" అంది.

నేర్పింది. ఆ గొప్పతనానికీ కుళ్లుకున్నాను. సారుకు నిజం చెప్పేసరికి, మోకాళ్లు పనిచేయక ఆమె మర్ఖేల్ వెళ్లిపోయి ఏడాదైంది.

ఇప్పుడు చప్పుడును బట్టి మిషన్ జబ్బు చెప్పగలనని నాకు పేరు. కొత్తగా చేరినవాళ్లు ఎవరు నేర్పారని అడిగితే, పోశవ్వ అని చెబుతాను. ప్రతిసారీ చెబుతాను. ఆ పేరు పలికే ముందు మాత్రం ఇప్పటికీ ఆ రోజు నేనన్న 'నేనే సార్' నా చెవిన పడుతుంది.