రంగులు తెలియని పిల్ల

కర్ణాటకలోని చింతామణి పట్నంలో ఫొటో స్టూడియో పని మానేసిన రోజు బ్యాగు భుజాన వేసుకున్నాక మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్లో రెండు సెట్టింగులు వెనక్కి జరిపి, అప్పుడు లేచి వచ్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ తేదీ కింద "పని మానేశాను" అన్న ఒక్క మాటే ఉంది.

డిగ్రీ అయిపోయిన ఏడాది జూన్ నెలలో అక్కడ ఆల్బమ్ డిజైనర్‌గా చేరాను. మాది దిబ్బూరహళ్ళి. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. స్టూడియో యజమాని శంకరప్ప ఫొటోలు తీస్తాడు. ఆయన కింద వీడియో తీసే మునిరాజు, అతని కింద నేను. ఒక పెళ్ళికి రెండు మూడు వేల ఫొటోలు వస్తాయి. వాటిలో నూట యాభై ఏరి, రంగులు సరిచేసి, పేజీలుగా పేర్చి బెంగళూరు ల్యాబుకు పంపితే అక్కడ అచ్చవుతాయి. రంగులు సరిచేయడమే అసలు పని. మంటపంలో ఒక లైటు పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి నీలం. వాటన్నిటి కిందా పెళ్ళికూతురి ముఖం ఆమె ముఖంలాగే ఉండాలి. మొదటి ఏడాదంతా ఒక్క ఫిర్యాదు రాలేదు.

రెండో ఏడాది కంప్యూటర్ మారింది. అదీ పాతదే, ఎవరో వాడి వదిలేసింది. కానీ అందులో గ్రాఫిక్స్ కార్డు ఉంది. బొమ్మను తెర మీదికి పంపే భాగం అది. దానికి రెండు వైర్లు పెట్టొచ్చు. ఒకటి నా తెరకు, ఇంకొకటి గోడమీద టీవీకి వెళ్ళేది. నేను చేసే పని సోఫాలో కూర్చున్న గిరాకీలకు అక్కడే కనిపించేది. టీవీలో ఫొటోలు ధగధగ మెరిసేవి. చూసినవాళ్ళు అక్కడికక్కడే పెద్ద ఆల్బమ్ చెప్పేసేవాళ్ళు.

ఆ నెల నుంచే ఆల్బమ్‌లు వెలవెలబోతూ అచ్చయి వచ్చాయి. ల్యాబువాళ్ళను అడిగితే, మీరు పంపిన ఫైలే అట్లా ఉందన్నారు.

బట్లహళ్ళి నుంచి రూప అనే అమ్మాయి తన వదినను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో తన పెళ్ళి ఆల్బమ్. రూపది చామనచాయ, నిగనిగలాడే ముఖం. పెళ్ళిచీర వంగపండు రంగు. ఆల్బమ్‌లో చీర ఉతికి ఉతికి వెలిసినట్టుంది, ముఖం బూడిద పూసినట్టుంది.

"జొరమొచ్చి లేసినట్ల ఉండాను గదా అన్నా," అని శంకరప్పతో అంది రూప. "మాయమ్మ చూసి ఏడ్సింది."

వదిన నా వైపు తిరిగింది. "ఏం పాపా, కండ్లు కనపడతాయా నీకు?"

శంకరప్ప నవ్వాడు. "ఏం జేసేదమ్మా, ఈ పాపకి రంగులు తెల్దు. ఇన్ని దినాలు నాకే తెల్లేదు చూడు."

నలుగురిలో నాకు మాట గొంతు దాటి రాదు. రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అయింది.

ఆ రోజు నుంచి అదే నా పేరు. మునిరాజు కుంకుమ పొట్లం తెచ్చి, గిరాకీల ముందే నా ముఖం దగ్గర పెట్టి, "ఇది ఏం రంగో చెప్పు పాపా, టీ తాగిస్తా" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఊరి బస్సులో పక్క సీటు ఆమె, "రంగులు తెల్దంట గదా నీకు, పుట్టినప్పటి నుంచేనా?" అని జాలిగా అడిగింది. ఆ మాట నాకంటే ముందే ఊరు చేరింది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇది: నేను కూడా నమ్మాను.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. పురుగు పండితే దాని తెలుపు పోయి, ఒళ్ళు తేనె కలిపిన నీళ్ళలాగా అవుతుంది. ఆ పూటే ఏరి చంద్రిక మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తట్ట మీద వేయాలి. ముందు వేస్తే గూడు కట్టదు, ఆలస్యమైతే ఆకుల్లోనే కట్టి పాడుచేస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ ఏరే పని నాదే. ఆ పంటకు మాత్రం అమ్మ పిలిస్తే తట్ట దగ్గర నిలబడిపోయాను. చెయ్యి పోలేదు. ఏది తెలుపో, ఏది తేనెరంగో చెప్పడానికి ధైర్యం రాలేదు.

"ఏమే, అట్ల నిలబడితివి? ఏమొచ్చింది కండ్లకి?" అంది అమ్మ. ఆమెకు ఏమీ తెలియదు. మామూలుగా అన్న మాటే. తలనొప్పి అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

మరుసటి వారం ఉద్యోగ పరీక్ష ఉందని ఇంట్లో చెప్పి చిక్కబళ్ళాపురంలో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి ఉంటుంది. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. అన్నీ చదివాను. నమ్మక, మళ్ళీ మొదటి నుంచి తిప్పమని అడిగాను. ఆమె విసుక్కోకుండా తిప్పి, కళ్ళలో ఏ లోపమూ లేదని, నేను దేన్ని చూస్తున్నానో దాన్ని ఎవరికైనా చూపించమని కన్నడంలో చెప్పింది.

బస్సెక్కేసరికి ఏడుపు రావాలి. కోపం వచ్చింది.

అమావాస్య పోయాక మొదటి పెళ్ళి బాగేపల్లిలో. శంకరప్ప, మునిరాజు పొద్దున్నే అక్కడికి వెళ్ళారు. అంగట్లో నేనొక్కదాన్నే. మొదటి ఏడాది అచ్చయిన మంచి ఆల్బమ్ ఒకటి తీసి, అదే ఫైలు తెర మీద తెరిచి పక్కపక్కన పెట్టాను. తెర మీద ముఖాలు కాలినట్టు ఎర్రగా, చీరలు కళ్ళలో పొడిచేటట్టు ఉన్నాయి. అదే ఫైలు ఫోన్లో చూస్తే కాగితానికి దగ్గరగా ఉంది. విషయం అప్పుడు తేలింది. తెర రంగును పెంచి చూపిస్తోంది, నేను ఆ పెరిగినదాన్ని తగ్గించి పంపుతున్నాను. కాగితానికి చేరేది ఆ తగ్గింపు మాత్రమే.

కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్ తెరవబోతే తెరుచుకోలేదు. ఈ కార్డుకు ఇది పనికిరాదని చెప్పి మూసుకుంది. కంప్యూటర్ ఎప్పుడో తనంతట తాను కొత్త డ్రైవర్ వేసుకుంది. డ్రైవర్ అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్. ఇంత పాత కార్డు ఆ డ్రైవర్‌తో బొమ్మ చూపిస్తుంది కానీ సెట్టింగులు తెరవనివ్వదు. పాత సెట్టింగులు ఉంచి, ఆ డ్రైవర్‌ను తీసేశాను. తిరిగి ఆన్ చేస్తే అక్షరాలు గుమ్మడికాయలంత వచ్చాయి. భయపడ్డాను కానీ ఆగలేదు. పెట్టె మూత విప్పి కార్డు మీద రాసిన నంబరు చూసి, దానికి చివరగా పనిచేసిన డ్రైవర్ ఏదో కంపెనీ పాత జాబితాలో వెతికి వేశాను. రెండోసారి ఆన్ చేశాక సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

రంగుల పేజీలో, రంగు చిక్కదనం పెంచే స్లైడర్ దాదాపు కుడి చివర ఉంది. వెలుగు పెంచేది కూడా మధ్యలో ఉండాల్సిన చోట లేదు. వాటంతట అవి అక్కడికి పోవు. రెండూ మామూలు స్థానానికి తెచ్చాను. తెర, కాగితం ఒక్కటయ్యాయి.

సాయంత్రం శంకరప్ప వచ్చి టీవీ వైపు చూడగానే, "ఏం చేసినావు టీవీని?" అన్నాడు.

చూపించాను. స్లైడర్ కుడికి జరిపి, ఎడమకు జరిపి, పక్కన ఆల్బమ్ పెట్టి చూపించాను. టీవీకి ఆయన పెట్టించినట్టే ఉంచుకోవచ్చని, నా తెర ఒక్కటి సరిగా ఉంటే చాలని, ఈ కార్డులో రెండిటికీ వేరువేరుగా పెట్టొచ్చని కూడా చెప్పాను. ఆ అంగట్లో ఒకేసారి నేను అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే.

ఆయన ఆల్బమ్ వైపు చూడనే లేదు. "కంప్యూటర్ మిషన్ ఇచ్చినోనికి నేనే చెప్పినా, కలర్ బాగా పెంచి ఇయ్యప్పా అని. గిరాకీ చూసేది టీవీనే గదా."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నా కళ్ళ గురించి నవ్వినప్పుడూ తెలుసు.

రూపకు ఫోన్ చేసి తప్పు మిషన్‌దని చెప్పమని అడిగాను, ఆల్బమ్ నేనే మళ్ళీ చేసి ఇస్తానన్నాను. నేను అడిగింది అదొక్కటే.

"నీ కండ్లదని చెప్పేసినాం గదా పాపా, ఆ కత అయిపాయ. ఇప్పుడు మిషన్ అంటే నా అంగడి పేరు ఏమయ్యేది? సెట్టింగూ లేదు, గిట్టింగూ లేదు. ఎట్లుండె అట్ల పెట్టేయ్."

పెట్టేశాను. నా చేతులతోనే రెండు స్లైడర్లనూ మళ్ళీ కుడికి జరిపాను. ఆ చేతుల మీద ఇప్పటికీ కోపం పోలేదు. రెండు రోజుల్లో మిగిలిన పని ముగించి, మూడో రోజు మానేశాను. బట్లహళ్ళికి నేనే పోయి రూపకు జరిగింది చెప్పి, ఆమె ఫోన్లో ఉన్న ఫొటోల నుంచి ముప్పై ఏరి, సరైన రంగుల్లో చిన్న పుస్తకం చేసి ఇచ్చాను. తర్వాతి పంటకు పురుగులు కూడా నేనే ఏరాను.

ఈ పని నుంచి నేర్చుకున్నది కొద్దే. కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి రోజే కార్డు సెట్టింగులు తెరిచి చూడాలి. మంచి ప్రింటు ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి. కళ్ళు తప్పని ఎవరైనా అంటే, ముందు తెరను అనుమానించాలి, తర్వాత ఆ మాట అన్నవాణ్ణి, చివరగా కళ్ళను.

మానేసిన పది రోజులకు శంకరప్ప ఫోన్ చేశాడు. చుట్టూ గిరాకీలు ఉన్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడాడు. టీవీ వెలవెలబోతోందని, చూసినవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారని చెప్పాడు. చివరికి అన్నాడు:

"ఆ సెట్టింగు యాడ ఉండాదో చెప్పు తల్లీ."