లెన్ రిటైర్ అవలేదు

నిన్న పొద్దున్న లెన్ కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. తొంభై మూడేళ్లు.

కాఫీ కప్పు చేత్తో పట్టుకుని కిచెన్‌లో అలాగే నిలబడిపోయాను.

మధ్యాహ్నం దాకా ఏడ్చాను. తర్వాత ఒక సినిమా సైట్‌లో ఆయన గురించి రాసింది చదివాను. అప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది.

"ఏ దేశస్థుడి వేషమైనా ఇట్టే వేయగల నటుడు. పంతొమ్మిదివందల ఎనభైల్లో తన ఇష్టంతోనే రిటైర్ అయ్యారు."

కింద ఒక ఫొటో. మొహం నిండా గోధుమరంగు మేకప్, మెడలో స్టెతస్కోప్.

ఆ ఫొటో తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను.

లెన్ ప్రూయిట్ ఎవరో ఈ తెలుగు గ్రూప్‌లో ఉన్న మీలో చాలామందికి తెలియదు. పాత కౌబాయ్ సినిమాల్లో షెరిఫ్ వెనకాల నిలబడే మనిషి. బార్ ఫైట్‌లో మొదటి దెబ్బ తినే మనిషి. పాతికేళ్లు అవే వేషాలు. మొహం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు.

ఎనభై ఒకటిలో, సినిమా స్టూడియోలుండే బర్బాంక్ ఊళ్లో, ఆయన గరాజ్ మీది అపార్ట్‌మెంట్‌లో మా ఆయనా నేనూ అద్దెకుండేవాళ్లం. నేను అప్పుడు హాస్పిటల్‌లో డాక్టర్‌గా రెసిడెన్సీ ట్రైనింగ్ చేస్తున్నాను.

ఒక ఆదివారం లెన్ స్క్రిప్ట్ పట్టుకొచ్చారు. టీవీ కామెడీలో ఇండియన్ డాక్టర్ వేషం. యాస పట్టుకోవాలి, నన్ను డైలాగులు చదివి టేప్ చేసి ఇవ్వమన్నారు.

రెండు పేజీలు చూశాను. ఆ డాక్టర్‌కి పేరే లేదు. పేషెంట్ ఏం చెప్పినా తల ఊపుతాడు. రక్తం చూడగానే కళ్లు తిరిగి పడిపోతాడు.

"పోనీలే, టీవీయే కదా. చదివెయ్యి," అన్నారు మా ఆయన.

చదివేశాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

టేప్ ఇస్తూ, ఆ వారం హాస్పిటల్‌లో జరిగింది లెన్‌కి చెప్పాను. ఒక పేషెంట్ నన్ను చూసి, అసలు డాక్టర్‌ని పిలవమన్నాడు. నేను నవ్వుతూనే చెప్పాను. లెన్ నవ్వలేదు.

షూటింగ్ రోజు నన్నూ తీసుకెళ్లారు. ఆయన మేకప్ అయింది, ఫొటో తీశారు. లెన్ సెట్ మీదకి వెళ్లి, అందరి ముందూ డైరెక్టర్‌కి నన్ను చూపించారు.

"ఈవిడ నిజం డాక్టర్. ఈవిడ ముందు నేనీ సీన్ చేయలేను. మార్చండి."

"లెన్, నువ్వు కాకపోతే ఇంకొకడు."

"అయితే వాణ్ణే పిలవండి."

తెల్లకోటు విప్పి కుర్చీ మీద పెట్టారు. సింక్ దగ్గర సబ్బుతో మొహం రుద్దుకున్నారు. చెవుల వెనక రంగు పోలేదు. అలాగే డ్రైవ్ చేశారు.

దారి పొడుగునా నేను సారీ చెబుతూనే ఉన్నాను. నాకు డ్యూటీకి లేట్ అవుతుందా అని మాత్రం అడిగారు.

ఆ వేషం ఇంకొకడు వేశాడు. టీవీలో వచ్చింది. తలా ఒక వంట తెచ్చుకునే మన పాట్‌లక్‌లోనే ఆ తల ఊపడం ఇమిటేట్ చేసి నవ్వుకున్నవాళ్లున్నారు. ఎవరెవరో నాకు గుర్తుంది.

లెన్‌కి వేషాలిస్తామని ఫోన్లు రావడం ఆగిపోయింది. మొండివాడని పేరు పడిపోయిందని చెప్పి ఏజెంట్ కూడా వదిలేశాడు. అప్పటికి ఆయనకి యాభై. ఆ తర్వాత పదిహేనేళ్లు స్కూల్ బస్ నడిపారు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు.

దీన్నా రిటైర్ అవడం అంటారు?

తరిమేశారు. తరిమేసి, ఆయన కడిగేసుకున్న ఆ రంగునే మళ్లీ ఆయన మొహాన పూసి, పోయిన రోజున లోకానికి చూపిస్తున్నారు.

సైట్ వాళ్లకి రెండు మెయిల్స్ పెట్టాను. జవాబు లేదు.

నిన్న సాయంత్రం మన గ్రూప్‌లో కూడా ఆ ఫొటో వచ్చింది, నవ్వే ఎమోజీలతో. పెట్టినవాళ్లు తీసేయండి. ప్లీజ్ అనడం లేదు.

ఆదివారం అంత్యక్రియలకి బర్బాంక్ వెళ్తున్నాను. అక్కడ ఆయన గురించి మాట్లాడమని లెన్ కూతురు అడిగింది. ఇదంతా ఇంగ్లిష్‌లో మళ్లీ చెబుతాను, ఒక్క ముక్క తగ్గించను.

వెళ్లిరండి, లెన్. మీకు శాంతి దొరకాలి. నాకు ఇప్పట్లో వద్దు.