ఆరుద్ర తగ్గిందని సత్తన్న చెప్పింది నిజమే

నిన్న పొద్దున కాలేజీలో క్లాసు చెబుతుండగా సుమ ఫోన్ చేసింది. సత్తన్న కూతురు.

"బాపు పోయిండే కాకా" అంది.



మొన్న ఆదివారమే దంతాలపల్లి పెళ్లిలో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాం. గుండెపోటట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరూ అన్న గురించి మంచి మాటలు రాస్తున్నారు. నేను మాత్రం తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నా.

కొత్త కోడళ్లకు, అల్లుళ్లకు తెలియకపోవచ్చు. సత్తన్న మా పెద్దనాన్న కొడుకు. పెద్దవంగరలో బోరు మోటార్లు వైండింగ్ చేసేవాడు. చదువు ఏడో తరగతి. పిచ్చి మాత్రం చుక్కల మీద.

చలికాలం వస్తే చాలు, అన్నం తిని డాబా ఎక్కేవాడు.

ఆరుద్ర, రోహిణి అంటే మనకు కార్తెలు. ఆయనకు రెండు ఎర్ర చుక్కలు. రోహిణి కంటే ఆరుద్ర వెలుగు ఎన్ని మెట్లు ఎక్కువో కంటితోనే అంచనా వేసి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసుకునేవాడు.

"రెండూ ఒక్క ఎత్తుల ఉన్నప్పుడే చూడాలె తమ్మీ. కిందికున్న చుక్క ఉత్తగనే మసకగ కనవడ్తది" అని ఫిజిక్స్ లెక్చరర్‌ని, నాకే పాఠం చెప్పేవాడు.

కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో ఇదే గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

"ఆరుద్ర బాగ తగ్గింది. రోహిణి కన్న నాలుగు మెట్లు కిందికి పోయింది. ఎవలన్న చూసిన్రా?"

అందరూ వానల గురించి అనుకున్నారు. "ఇగ ఈ యేడు వానల్లేనట్టే, పత్తి గింజలు కొనకున్రి" అని పాలకుర్తి మామ ఆటపట్టించాడు. గ్రూపు నిండా నవ్వుల స్టిక్కర్లే.

ఆయన అడిగేది చుక్క గురించని తెలిసింది నాకొక్కడికే. డాబా ఎక్కి చూస్తే ఒక్క నిమిషం పని.

ఎక్కలేదు. వాయిస్ మెసేజ్ పెట్టా.

"అన్నా, తగ్గేది చుక్క గాదే, నీ కండ్లు. జర జనగామకు రా, దవాఖానల చూపిస్త."

ఇంకా నవ్వారు. "సారే చెప్పిండు" అన్నారు.

పాపం, నిజంగానే వచ్చాడు. డాక్టర్ దగ్గరి చూపుకే అద్దాలు రాశాడు, దూరపు చూపు బాగుందన్నాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

"నువ్వు చదువుకున్నోనివి తమ్మీ. నువ్వన్నదే నిజం గావొచ్చు" అని అన్న బస్సెక్కాడు.

కొన్ని వారాలకు స్టాఫ్‌రూంలో పేపర్ చూశా. ఆ చుక్క నిజంగానే మసకబారిందట. ప్రపంచమంతా టెలిస్కోపులు అటే తిప్పి చూస్తోందట.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అయినా ఏం చేశానో తెలుసా? క్లాసుకెళ్లి అదే సంగతి స్టూడెంట్స్‌కి గొప్పగా చెప్పా. సత్తన్న పేరెత్తలేదు. ఆయనకు ఫోన్ చేయలేదు. సారు పరువు పోతుందని భయం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశా. మొన్న పెళ్లిలో కూడా నోరు రాలేదు.

నిన్న వాళ్లింట్లో సుమ పాత క్యాలెండర్లు తీసి చూపించింది. ఆ జనవరి గళ్లలో "4 తక్కువ", "5 తక్కువ" అని ఉన్నాయి. అన్నిటినీ పెన్నుతో కొట్టేశాడు. పక్కన "కండ్లు మంచిగ లేవు" అని రాసుకున్నాడు.

ఆ తర్వాతి క్యాలెండర్లన్నీ ఖాళీ.

"నువ్వు చెప్పినంక బాపు డాబా ఎక్కుడే బంద్ జేసిండు కాకా" అంది. కోపంగా అనలేదు. నేనే ఆ పిల్ల ముఖం చూడలేకపోయా.

అందుకే ఆ రోజు నవ్విన ఈ గ్రూపులోనే రాస్తున్నా. అన్న కళ్లు బాగానే ఉన్నాయి. చుక్కే తగ్గింది. పేపర్లో రాకముందే ఆయన చూశాడు. తెలిసీ దాచింది నేను.

సుమా, ఆ కొట్టివేతలు నా వల్ల పడ్డవే. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు బిడ్డా.

పోయి రా అన్నా. నీ మనసు ఇకనైనా నిమ్మళంగా ఉండాలి.

నువ్వు సరిగ్గానే కొలిచావు.