బాలవ్వ చెయ్యి

మొన్న నాగర్‌కర్నూల్ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె అరచేతిలో తంబాకు వేసుకుని, సున్నం రాసి, బొటనవేలితో నలిపింది. ఆ ఘాటు ముక్కుకు తగిలితే ఎవరికైనా తుమ్ము వస్తుంది. నాకు బాలవ్వ గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

బాలవ్వది మా పక్కిల్లే. పెళ్లయి ఉప్పునుంతల దగ్గరి మా ఊరికి వచ్చిన కొత్తలో నన్ను వెంట తిప్పుకుని కూలిపని నేర్పింది ఆమే. మగడు పోయి చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. కానీ ఊళ్లో ఎవరు నారు నాటినా మొదటి మొక్క బాలవ్వే పెట్టాలి. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఎవరైనా ఆ మాట అంటే వంగిన నడుము కాస్త నిటారయ్యేది.

ఆ ఏడు రాములు తన చేన్లో టమాటా వేశాడు. ఆడవాళ్లం తలా ఒక సాలు పట్టుకుని పక్క పిలకలు గిల్లుతూ పోయేవాళ్లం. మా గుంపులో తంబాకు అలవాటు బాలవ్వ ఒక్కదానికే. సాలు చివరికి రాగానే కాస్త నలిపి దవడన పెట్టుకుని, అదే చేత్తో ఇంకో సాలు అందుకునేది. కొన్నాళ్లకు కొన్ని మొక్కల ఆకుల మీద ముదురు పచ్చ, లేత పచ్చ మచ్చలు పడ్డాయి. కొసలు దారాల్లా సన్నబడ్డాయి. జబ్బు చేనంతా లేదు, సాళ్ల వెంబడే ఉంది. ఆ సాళ్లన్నీ బాలవ్వ గిల్లినవే.

"అవ్వా, నీ సాళ్లకే గిట్లెందుకైంది?" అన్నాడు రాములు, మెల్లగానే.

"చెయ్యి చెడింది లే. ముసల్దయింది గద," అంది వెనుక నుంచి ఒకామె.

బాలవ్వ చేతిలోని పిలకలు గట్టున పడేసి ఇంటిదారి పట్టింది. మర్నాటి నుంచి పనికే రాలేదు. నేను అన్నం తీసుకుపోతే తలుపు సగమే తీసింది. "మీ బీరపాదు దిక్కు గూడ నన్ను రానియ్యకు బిడ్డా. నా చెయ్యి పాడైంది," అంది.

తర్వాత వ్యవసాయ శాఖ సారు చేను చూడ్డానికి వచ్చాడు. ఆకులు తిప్పి చూసి, మీలో తంబాకు ఎవరు నములుతారని అడిగాడు. బాలవ్వ ఒక్కతేనని చెప్పాం. అది వైరస్ అట. ఎండిన పొగాకులో కూడా ఏళ్ల తరబడి చావదట. నలిపిన చేతికి అంటుకుంటుంది, గిల్లిన చోట రసంలోకి దిగుతుంది, అక్కడి నుంచి వేళ్లే దాన్ని మొక్క మొక్కకూ మోసుకుపోతాయి. పంట అయ్యాక వేర్లు మట్టిలో మిగిలినా అందులోనూ బతుకుతుందట. అందుకే పై పంటకు అక్కడ జొన్న వేయమన్నాడు.

నేను చేన్లోంచే బాలవ్వ ఇంటికి ఉరికాను. "బాలవ్వా, నీ చెయ్యి చెడలే. తంబాకు చేసిన పని గది."

ఆమె రెండు అరచేతులూ చాలాసేపు చూసుకుంది. "సబ్బు వెట్టి కడిగితే పోతదా?"

"పోతదన్నడు సారు."

"మరి గంత దానికి నన్ను గిన్ని దినాలు ఇంట్ల కూసోవెడ్తిరి," అని కసిరింది. ఆ కసురు విన్నాక నా ప్రాణం కుదుటపడింది.

జబ్బు మొక్కలన్నీ తానే పీకి కాల్చింది. తంబాకు మాత్రం మానలేదు. డబ్బీ ఇంట్లో పెట్టి వచ్చి, పొద్దుగూకాక నమిలేది. చేన్లో దిగేముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అరచేతులు రాములు ముక్కు దగ్గర పెట్టేది. "వాసన సూడు రాములూ. అత్తరు లెక్కుంది."

"జర చాలు తియ్యవ్వా," అని రాములు సిగ్గుపడేవాడు. తర్వాతి ఏడు ఇంకో చెలకలో మిరప నారు పెట్టేటప్పుడు మొదటి మొక్కకు ఆమెనే పిలిచాడు.

ఆ నాట్లకే అమ్రాబాద్ దిక్కు నుంచి ఒక కొత్త మనిషి వచ్చింది. ఆమె దవడలో తంబాకు చూసి నేను నోరు తెరవబోతే, బాలవ్వ నా కాలు తొక్కింది. తానే బకెట్ దగ్గరికి నడిచి, "దా బిడ్డా, ఇద్దరం కడుక్కుందం. నా చేతులు మురికిగున్నయ్," అంది. ఆమె చేతులు అప్పటికే కడిగి ఉన్నాయి.

ఇప్పుడు బాలవ్వ లేదు, ఆడవాళ్లను పనికి నేను తీసుకుపోతున్నాను. కొత్త మనిషి వస్తే ఏమీ అడగను. కడిగిన చేతులకే మళ్లీ సబ్బు రుద్దుకుంటూ, బకెట్ దగ్గర ఆమెకు చోటిచ్చి పక్కకు జరుగుతాను.